71.4 దగ్గర ఆగిపోయిన పదకొండు వారాలు

నేను ఈ నోటుబుక్కును 2024 నవంబరు 3, ఆదివారం ఉదయం, 78.6 కిలోల అంకెతో మొదలుపెట్టాను. నా వయసు 43, ఎత్తు 158 సెంటీమీటర్లు. మా ఇల్లు చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో ఉంది. రోజూ తెల్లవారుజామున వర్ధా నది ఒడ్డున ఉన్న గోండు రాజుల కోట వైపు నడిచి తిరిగి వస్తే ఫోనులో సరిగ్గా 5 కిలోమీటర్లు చూపిస్తుంది. 2025 మార్చి 30న, ఉగాది పొద్దున, తూకం 71.4 చూపించింది. ఇరవై ఒక్క వారాల్లో 7.2 కిలోలు తగ్గాయి కనుక, ఇదే వేగంతో పోతే దసరాకు 65లోకి దిగుతానని ఆ రోజు పేజీ అంచున రాసుకున్నాను. ఆ తరువాత జూన్ 15 వరకు, అంటే పదకొండు వారాలు, అంకె 71కి 72కి మధ్యనే ఊగింది. ఆ పదకొండు వారాల్లో నేను నడక మానింది మూడు రోజులే.

అలాంటప్పుడు సలహాలకు కరువుండదు. మా అక్క అన్నం పూర్తిగా మానేయమంది. పక్కింటి వదిన పరగడుపున జీలకర్ర నీళ్ళు తాగమంది. నడకలో తోడు వచ్చేవాళ్ళు దూరం పెంచమన్నారు. ఈ మూడింటిలో నేను విన్నది చివరిదే. ఏప్రిల్‌లో రెండు వారాలు రోజుకు 8 కిలోమీటర్లు నడిచాను. ఫలితంగా ఎడమ మోకాలు నొప్పి పెట్టింది, మధ్యాహ్నం ఆకలి రెట్టింపయింది, తూకం 71.6కు చేరింది. డాక్టరు సలహా మీద థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ మామూలుగానే వచ్చింది. అది చేయించుకోవడం మంచిదే అయింది, ఎందుకంటే ఆ తరువాత నింద మోపడానికి గ్రంథి కూడా మిగలలేదు.

మొదట సరిచేసుకున్నది తూకం చూసే పద్ధతిని. వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే చూసేదాన్ని. ఒక్క రోజు అంకెలో కొవ్వు ఎంత, నీరు ఎంత అన్నది తెలియదు. ముందురోజు రాత్రి ఊరగాయ ఎక్కువ తిన్నా, నెలసరికి ముందు వారమైనా, నాకు కిలో దాకా తేడా వస్తోంది. మే నెల నుంచి రోజూ లేవగానే, బాత్రూముకు వెళ్ళివచ్చి, నీళ్ళు తాగకముందే చూసి, ఏడు రోజుల సగటు తీసి రాస్తున్నాను. ఒక వారం సగటును దాని ముందు వారంతో కాక, పోయిన నెలలో అదే వారంతో పోలుస్తున్నాను. నెలసరి ఉన్న ఆడవాళ్ళకు ఈ ఒక్క మార్పే సగం దిగులు తీరుస్తుందని నా అభిప్రాయం. దీని వల్ల బరువు తగ్గలేదు గానీ, నిజంగానే ఆగిపోయిందని రూఢి అయింది.

అప్పుడు లెక్కకు కూర్చున్నాను. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు. ఇరవై ఒక్క వారాలు నేను వారానికి 340 గ్రాముల చొప్పున తగ్గానంటే, రోజుకు దాదాపు 370 కేలరీల లోటు ఉండేదన్న మాట. బరువు ఆగిందంటే ఆ 370 ఎక్కడో పూడిపోయింది. మొదటి వాటా శరీరానిదే. 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జ్యోర్ సూత్రంలో బరువును 10తో హెచ్చించాలి కనుక, నేను 7.2 కిలోలు తగ్గితే ఊరికే పడుకున్నా ఖర్చయ్యే శక్తి రోజుకు 72 కేలరీలు తగ్గుతుంది. నడకకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు అర కేలరీ అదనంగా పడుతుందనుకుంటే, 5 కిలోమీటర్లకు మరో 18 తగ్గుతుంది. ఈ 90 ఎవరి తప్పూ కాదు, తేలికైన బండికి తక్కువ పెట్రోలు చాలినట్టు. మిగిలిన 280 మాత్రం మా ఇంట్లోనే ఎక్కడో ఉండాలి.

అందులో పెద్ద ముక్క నూనె డబ్బాలో దొరికింది. మా అత్తమ్మ ఏప్రిల్ మొదటి వారంలో మంచిర్యాల నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. అంతకుముందు మేము ముగ్గురం, ఒక లీటరు ప్యాకెట్టు పన్నెండు రోజులు వచ్చేది. ఆమె వచ్చాక ఆరు రోజులకే అయిపోతుంటే, ఇంట్లో మనిషి పెరిగితే నూనె పెరగదా అని నేను పట్టించుకోలేదు. ఒకరోజు కాగితం మీద వేసి చూశాను. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. పన్నెండు రోజులు, ముగ్గురు: మనిషికి రోజుకు 25 గ్రాములు. ఆరు రోజులు, నలుగురు: 38 గ్రాములు. మనిషి పెరిగిన మాట నిజమే గానీ, ప్రతి మనిషి పళ్ళెంలోనూ రోజుకు 13 గ్రాముల నూనె, అంటే దాదాపు 115 కేలరీలు, చప్పుడు లేకుండా పెరిగాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల పళ్ళేనికే నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు చూపిస్తుంది, నేను తినవలసినది అంతకంటే చాలా తక్కువ. ఎండాకాలం కావడంతో పెట్టిన వడియాలు, చల్ల మిరపకాయలు పూటపూటా వేయించడం, కూరల తాలింపులో గరిటె వంచడం, అన్నీ కలిసి ఆ పదమూడు గ్రాములయ్యాయి.

రెండో ముక్క జొన్నరొట్టె. నేను రాత్రికి రెండు రొట్టెలని సంఖ్యతో లెక్కపెట్టుకునేదాన్ని. రొట్టె చేసేది అత్తమ్మ అయ్యాక కూడా సంఖ్య రెండే, కానీ రొట్టె అదే కాదు. ఒక సాయంత్రం వంటింటి తూకాన్ని పీట పక్కన పెట్టి, ఆమె ఒక్కో రొట్టెకు తీసే పిండిని నీళ్ళు పోయకముందే గిన్నెలో తూచాను. నావి 40 గ్రాములుండేవి, ఆమెవి 50కి అటూ ఇటూ పడ్డాయి. మూడో గిన్నె తూచేసరికి ఆమె తట్టడం ఆపి, "పిండి తూకమేస్తున్నవేంది బిడ్డా, బంగారమా ఇది?" అన్నారు. రెండు రొట్టెలకు ఇరవై గ్రాముల పిండి, దాదాపు 68 కేలరీలు. ఇప్పుడు ఆమె పిండిని నేను ఇచ్చిన చిన్న స్టీలు గిన్నెతో తీస్తున్నారు. తలగొట్టి తీస్తే 40 గ్రాములు. కొద్దిగా గోపురం వచ్చినా నేను చూడనట్టు ఉంటాను.

మూడోదాన్ని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఉగాది తరువాత త్వరగా తగ్గాలని నేను సోమవారాలు ఉపవాసం మొదలుపెట్టాను. ఈ జిల్లాలో ఉపవాసమంటే సగ్గుబియ్యం ఖిచిడీ. నానబెట్టకముందు సగ్గుబియ్యం 60 గ్రాములు, వేరుశెనగ పొడి 30 గ్రాములు, ఒక చిన్న ఆలుగడ్డ, రెండు చెంచాల నెయ్యి: పళ్ళెం 500 కేలరీలకు తగ్గదు. సాయంత్రం అరటిపండ్లు, రాత్రి ఉపవాసం విడిచే పేరుతో ఒక రొట్టె ఎక్కువ. మరాఠీవాళ్ళు దీన్ని ఎప్పుడో కనిపెట్టి "ఏకాదశీ, దుప్పట్ ఖాశీ" అని నవ్వుకుంటారు, ఏకాదశినాడు తిండి రెండింతలని. ఇక ఆదివారం నడక ముగియగానే మా గుంపు తర్రీ పోహా (కారం పులుసు పోసిన అటుకులు) బండి దగ్గర ఆగడం కూడా ఏప్రిల్‌లోనే మొదలైంది. శనగల ఎర్రటి పులుసు మీద తేలే నూనెను గరిటెతో ప్రత్యేకంగా పైనుంచి తీసి పోయడమే ఆ బండి ఘనత. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, నా 5 కిలోమీటర్ల నడక మొత్తం ఖర్చు 180. ఈ రెండు రోజుల అదనాన్ని వారానికి పంచితే రోజుకు 60 పైమాటే.

నాలుగోది ఎండ. మేలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం వింత కాదు, అందుకని నడకను 4:45కు జరిపాను. నడక తగ్గలేదు, కానీ ఫోనులో రోజు మొత్తం అడుగులు చూస్తే మార్చిలో 9,800 ఉన్నవి మేలో 7,600 అయ్యాయి. వేకువనే లేవడంతో మధ్యాహ్నం కూలర్ ముందు వాలిపోవడం, బజారుకు నడిచి వెళ్ళే బదులు పిల్లవాణ్ణి బండి మీద పంపడం మొదలైంది. పోయిన 2,200 అడుగులు ఒకటిన్నర కిలోమీటరు, 50 కేలరీలకు కొంచెం పైన. అన్నీ కూడితే నా 370కి చేరువగా వచ్చింది. ఇంట్లో వేసిన లెక్క ఇంత చక్కగా కలిసిందంటే అనుమానించవలసిందే, ఏదో ఒక అంకె ఎక్కువ, ఇంకొకటి తక్కువ అయివుంటుంది. అయినా ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియడానికి అది చాలింది.

జూన్ 16 నుంచి నడకను పెంచలేదు, 5 కిలోమీటర్లే ఉంచాను. నూనె ప్యాకెట్టు మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసి, నలుగురికి తొమ్మిది రోజులు రావాలని నియమం పెట్టుకున్నాము. వడియాలు ఇప్పుడు పెనం మీద కాలుస్తున్నారు, రుచి తగ్గిందని మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. సోమవారాలకు సగ్గుబియ్యం తీసేసి 50 గ్రాముల భగర్ (ఉపవాసానికి వండుకునే చిరుధాన్యం) వండుకుని పెరుగుతో తింటున్నాను, శ్రావణ సోమవారాలు నాలుగూ అలాగే గడిచాయి. తర్రీ పోహా నెలకు ఒక్కసారి ఉంచుకున్నాను. పూటపూటకీ పప్పో, గుడ్డో, శనగపిండి ఝుణకానో, పెరుగో ఏదో ఒకటి తప్పకుండా ఉండేట్టు చూసుకుంటున్నాను, దీనివల్ల రాత్రి పదింటి ఆకలి పోయింది.

కొత్తగా చేర్చింది బరువుల వ్యాయామం. మంగళ, గురు, శనివారాలు ఇరవై ఐదు నిమిషాలు. పిల్లవాడి పాత స్కూలు బ్యాగులో 4 కిలోల బియ్యం వేసి గుండెలకు హత్తుకుని పది బస్కీలు, అదే బ్యాగును నడుము వంచి పొట్ట వైపు పదిసార్లు లాగడం, గోడకు చేతులు ఆనించి పది దండీలు, ఇలా మూడు విడతలు. ఇప్పుడు బ్యాగులో 9 కిలోలు ఉన్నాయి, గోడ బదులు మంచం అంచు వచ్చింది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: మొదటి రెండు వారాల్లో సగటు 71.3 నుంచి 71.9కి పెరిగింది. కొత్త పనికి నొప్పి పట్టిన కండరాలు నీటిని పట్టి ఉంచుతాయని, కండరంలో దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (పిండిపదార్థపు నిల్వతో) మూడు గ్రాముల దాకా నీరు చేరుతుందని ముందే తెలిసి ఉండకపోతే నేను ఆ బ్యాగును అటక మీదకు ఎక్కించేదాన్ని. నడుము కొలత అప్పుడు కూడా అర సెంటీమీటరు తగ్గింది.

జూలై 27కు సగటు 70.6, ఆగస్టు 24కు 69.4, ఇవాళ, సెప్టెంబరు 28కి, 68.2. పదిహేను వారాల్లో 3.1 కిలోలు, మొదటి విడత వేగంలో మూడింట రెండు వంతుల కంటే తక్కువే. నడుము జూన్‌లో 89.5 సెంటీమీటర్లు, ఇప్పుడు 84. మన ఆడవాళ్ళకు చెప్పే గీత 80. ఉగాదినాడు పేజీ అంచున రాసుకున్న 65 ఈ దసరాకు అందదు, ఆ అంకెను కొట్టేసి పక్కన సంక్రాంతి అని రాశాను.

ఈ వారం రెండు లెక్కలు ఎదురెదురుగా ఉన్నాయి. మా వీధి బతుకమ్మ దగ్గర రోజూ గంటసేపు తిరిగి ఆడటంతో అడుగులు 12,000 దాటుతున్నాయి. మరోవైపు రేపటి సద్దుల బతుకమ్మ కోసం అత్తమ్మ నువ్వులు, పల్లీలు వేయించి పొడులు కొడుతున్నారు, మలీద ముద్దలకు బెల్లం తరిగి పెట్టారు. వాటిని నేను తూచబోవడం లేదు. నూనె ప్యాకెట్టు మాత్రం ఈ పొద్దునే తెరిచి, మీద 28–9 అని రాశాను, అక్టోబరు 6 రాత్రి దాకా రావాలి.