ఫ్యాట్ ఆరు రెండు

హన్మకొండలో హుస్నాబాద్ బస్సెక్కి ముల్కనూరు టికెట్ అడిగితే కండక్టర్ "బ్యాంకుకాడ దిగుతరా?" అన్నాడు. గుడో చెరువో కాకుండా ఊరికి బ్యాంకు గుర్తు కావడం వింతగా అనిపించింది. ఇదే మండలంలో పీవీ గారి వంగర ఉంది, సంక్రాంతికి గుమ్మడికాయలతో వెళ్లే కొత్తకొండ వీరన్న ఉన్నాడు. ఈసారి మాత్రం నేను బ్యాంకుకే వచ్చాను.

బ్యాంకంటే నాకు తెలిసింది దారం కట్టిన పెన్ను, విసుగు మొహం. ఇక్కడ వడ్ల బస్తాలు, ఎరువుల వాసన. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు చుట్టుపక్కల రైతులను కూడగట్టి పెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు ఇది. అప్పిస్తుంది, విత్తనం, ఎరువు ఇస్తుంది, పండాక పంటా కొంటుంది. సొంత రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు ఉన్నాయి. ఆలోచిస్తే పాతకాలం సావుకారి చేసిందీ ఇదే: అప్పిచ్చి, పంటను కల్లంలోనే తూకమేసుకుపోవడం. కాకపోతే ఇక్కడ సావుకారి కుర్చీలో రైతులే కూర్చున్నారు.

రాత్రి పక్క ఊళ్లో మా చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాను. తెల్లారక ముందే ఆమె వెంట ఆడవాళ్ల సహకార డెయిరీ పాల కేంద్రానికి వెళ్లాను. క్యాన్లు పట్టుకుని అంతా ఆడవాళ్లే. ఒకే ఒక్క మగాయన, అదీ భార్య ఖాతా మీద పోయడానికి వచ్చాడు. గడ్డి కోసేదీ పాలు పిండేదీ ఆడవాళ్లయినప్పుడు సభ్యత్వం వాళ్లదే కావడం న్యాయం. ఆ పనిలో సగమైనా మగవాళ్లు పంచుకుంటే ఇంకా బాగుండేదనుకోండి.

ముందున్న పెద్దావిడ పాలలో వెన్న శాతం రాసిన చీటీ చూసి ఆగిపోయింది.

"గిదేంది బిడ్డా, నిన్న ఏడు అచ్చె, ఇయ్యాల ఆరు రెండేనా?"

"మిషన్ల గంతే అచ్చింది పెద్దమ్మా."

"మల్లొక్కసారి పెట్టు."

పెట్టింది. మళ్లీ ఆరు రెండే.

"కడపాలు దుడ్డెకు ఇడిసినవా ఏంది?" అని అడిగింది మిషన్ దగ్గరున్న అమ్మాయి. పొదుగులో ఆఖరున దిగే పాలలోనే వెన్న ఎక్కువ. పెద్దావిడ కాసేపు పలకలేదు. "మా మనుమడు ఇప్పిండు తల్లీ" అంది.

పాయింట్ ఎనిమిది కోసం ఇంత రభసా అని నాకు చిరాకేసింది. వెనకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ విసుక్కోలేదు. "మీటింగుల గూడ గిట్లనే లేసి అడుగుతది. చెప్పకుంటే కూసోదు" అంది చిన్నమ్మ. సంఘంలో సభ్యుల మాట ఎప్పుడూ ఇలా చెల్లేది కాదు. 1964 నాటి సహకార చట్టం కింద సంఘం పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం సర్కారుకు ఉండేది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దారి మార్చింది: సర్కారు వాటా లేదు, పెత్తనమూ లేదు. పొదుపు సంఘాల్లో లెక్కలు నేర్చిన ఆడవాళ్లు ఆ చట్టం కిందే 2000లో ఈ డెయిరీ మొదలుపెట్టారు. పాల పేరు స్వకృషి. ఆ పాల ప్యాకెట్ హన్మకొండలో ఎన్నిసార్లు కత్తిరించానో, ఒక్కసారీ పేరు చదవలేదు.

తిరిగి వస్తుంటే పెద్దావిడ మా ముందే నడిచింది. చీటీ కొంగున ముడేసుకుని, క్యాన్ గడప దగ్గర పెట్టి, నేరుగా కొట్టంలోకి వెళ్లింది. దుడ్డె తలుగును గుంజకు రెండు ముళ్లేసి బిగించింది.