రాజపాళయంలో మాకు అమ్మనన్న కూన

మా మొదటి కుక్కకూన మా ఇంట్లో ఐదు రోజులే ఉంది. ఒక ఆదివారం రోడ్డు పక్కన, కారు డిక్కీలో అట్టపెట్టె పెట్టుకుని అమ్ముతున్నవాడి దగ్గర కొన్నాం. నలభై ఐదు రోజుల పిల్లన్నాడు, టీకా వేయించానన్నాడు. తల్లి ఎక్కడుందని మేమూ అడగలేదు. మూడోరోజు వాంతులు, నాలుగోరోజు నెత్తురు విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బని డాక్టరు తేల్చేసరికి అది తల ఎత్తలేకపోతోంది. సెలైన్ ఎక్కిస్తుంటే మావాడు పక్కన కూర్చుని, "దీనికి వాళ్లమ్మ గుర్తొస్తోందా అమ్మా?" అని అడిగాడు. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుందని, అప్పుడే ఇంకో పిల్లను తేవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. వరండా అంతా బ్లీచింగుతో కడిగి, ఏడాది పైనే ఆగాం.

మాది పీలేరు దగ్గర మామిడితోట. అడవిపందుల బెడద ఉంది, ఎండలు మీకు తెలిసినవే. ఈసారి మన వాతావరణానికి పుట్టిన జాతే కావాలనుకున్నాం. మా మామగారి స్టాంపుల పుస్తకంలో 2005లో మన తపాలా శాఖ వేసిన నాలుగు దేశీ కుక్కలున్నాయి: హిమాలయన్ షీప్ డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. తెల్లటి ఒళ్లు, గులాబీరంగు ముక్కు ఉన్న ఆ రాజపాళయం దగ్గర మావాడి వేలు ఆగిపోయింది.

ఆ జాతి పిల్లల్ని అమ్మేవాళ్లకి ఫోన్లు మొదలుపెట్టాను. మొదటి ముగ్గురూ అడిగింది ఒకటే: ఆడదా మగదా, ఎప్పుడు పంపమంటారు? ఒకాయన ముప్పై ఐదు రోజుల పిల్లనే బస్సులో వేస్తానన్నాడు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ మాట చెబితే ఫోన్ పెట్టేశాడు.

నాలుగో ఆయన ఎత్తగానే తెలుగులో పలకరించారు. ఆ జాతికి పేరిచ్చిన రాజపాళయం తమిళనాడులో ఉన్నా, అక్కడి రాజుల ఇళ్లలో మాట్లాడేది తెలుగేనని, వాళ్ల పూర్వీకులు విజయనగర కాలంలో ఇటునుంచి వెళ్లినవాళ్లని అప్పుడు తెలిసింది. యాస వేరైనా మాట మనదే. ఆయన ధర చెప్పలేదు, నన్నే అడిగారు. పగలు ఇంట్లో ఎవరుంటారు? గొలుసేసి కట్టేస్తారా? తోటకు కంచె ఉందా? కోళ్లున్నాయా? అంతకుముందు కుక్కను పెంచారా, ఏమైంది? చివరిదానికి నిజం చెప్పాను. చెబుతుంటే గొంతు పట్టేసింది. కాసేపు ఊరుకుని, "ఒకసారి వచ్చి చూసుకో అమ్మా. పిల్లలకి ఐదు వారాలు నిండాక రా. డబ్బు తేవద్దు," అన్నారు.

మదురైదాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో వెళ్లాం. శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ గోపురానికి దండం పెట్టుకుని, పాల్‌కోవా కొనుక్కుని, పొద్దెక్కేసరికి ఆయన ఇంటికి చేరాం. గుమ్మం పక్కన గోడకి రిజిస్ట్రేషన్ కాగితం ఫ్రేము కట్టి ఉంది. పెరట్లో వేపచెట్టు కింద ఐదు కుక్కలు. బోనులు లేవు, కంపు లేదు.

మావాడు పిల్లలవైపు పరుగెత్తబోతే పెద్దాయన ఆపారు. "ముందు తల్లి నీ వాసన చూడనీ." అది వచ్చి వాడి అరచేతులు, నా చీర కుచ్చిళ్లు మూచూసి, పక్కకి తప్పుకుంది. పాలిచ్చే తల్లి కదా, డొక్కలు కొంచెం కనిపిస్తున్నాయి, కానీ ఒంటిమీద మెరుపు ఉంది, కళ్లలో పుసి లేదు. మనుషులంటే బెదురు లేదు. నేను ఇంత దూరం వచ్చింది దీన్ని చూడటానికే అనిపించింది.

లాంగ్ నోట్‌బుక్కు తెచ్చి చూపించారు. తల్లికి మూడేళ్లు, ఇది రెండో ఈత, మొదటి ఈతకీ దీనికీ మధ్య ఏడాదికి పైనే ఎడం. నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వేశారో తేదీలతో సహా ఉంది. తండ్రి ఇంకొకరి ఇంటిది, నడిచి వెళ్లి దాన్నీ చూసొచ్చాం. "తెలుపు చెడకూడదని దగ్గర చుట్టాల్నే కలుపుతారమ్మా. కుక్కల్లో మేనరికం మంచిది కాదు," అన్నారాయన.

ఏడు పిల్లలు. ఆరు ఒకదానిమీద ఒకటి పడి కొట్లాడుతుంటే ఒకటి మాత్రం వచ్చి నా ఒళ్లో పడుకుంది. ఎంత నెమ్మది! ఇదే కావాలన్నాను. పెద్దాయన మాట్లాడలేదు. దాన్ని నిద్రలోనే ఎత్తుకుని లోపలి గదిలో గోనెపట్టా మీద ఒంటరిగా పడుకోబెట్టారు. మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి, దాని వెనకవైపు నుంచి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టారు. నేను ఉలిక్కిపడ్డాను. పిల్ల చెవి కూడా కదపలేదు. ఆయన వంగి దాని వీపు మీద మెల్లిగా ఊదితే అప్పుడు లేచి, తోక ఊపింది.

పూర్తి తెల్లటి జాతుల్లో ఇది ఉంటుందట. చెవి లోపల రంగునిచ్చే కణాలు లేకపోతే పుట్టిన కొద్ది వారాలకే వినికిడి పోతుంది. తోబుట్టువుల మధ్య ఉంటే బయటపడదు, అవి లేస్తే ఇదీ లేస్తుంది. అందుకే ఒంటరిగా పెట్టి చూడాలి. "దీన్ని అమ్మను. మీ తోటలో పాము బుస వినపడదు, ట్రాక్టరు వినపడదు. నా దగ్గరే ఉంటుంది," అన్నారు. అడిగిన డబ్బిచ్చి తీసుకెళ్లడానికి ఎదురుగా మనిషి నిలబడి ఉండగా అన్న మాట అది. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మాకు పిల్లను ఆయనే ఎంచారు. మిగతా ఆరింటినీ అదే గదిలో ఒక్కొక్కటిగా పెట్టి చూపించారు. పళ్లెం చప్పుడుకి బెదిరి మూలకి పోయినది వద్దన్నారు. ఉలిక్కిపడి, మళ్లీ తనే వచ్చి పళ్లేన్ని మూచూసినది పిల్లలున్న ఇంటికి సరిపోతుందన్నారు. ఆడపిల్ల.

తొమ్మిదో వారంలో కారేసుకుని వెళ్లాం. 14,000 తీసుకున్నారు. మొదటి టీకా కార్డు, జాతిని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలు, తల్లి పడుకున్న పాత పంచెముక్క ఒకటి, అక్కడ తినే తిండే వారానికి సరిపడా ఇచ్చారు. ఎప్పుడైనా పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తనకే తెచ్చివ్వాలని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పీలేరు చేరాక మా డాక్టరు దాని చర్మం కింద ఉన్న మైక్రోచిప్ స్కాన్ చేస్తే కాగితంలో ఉన్న అంకే వచ్చింది.

పదహారు వారాలకి టీకాల వరస పూర్తయ్యేదాకా దాన్ని తోటలో దించలేదు. ఎత్తుకునే తిప్పాం, ట్రాక్టరు చప్పుడు, గంగిరెద్దుల సన్నాయి, అన్నీ చంకలో నుంచే విన్నది. మొదటి వారం రోజులు ఆ పంచెముక్క మీదే పడుకుంది.

చివరి టీకా వేయించానని చెబుదామని పెద్దాయనకి ఫోన్ చేశాను. చెవిటిది ఎలా ఉందని అడిగాను. నేలమీద కాలు తాటిస్తే అదురు తెలిసి వస్తోందట, తువ్వాలు ఊపితే కూర్చుంటోందట. రాత్రిళ్లు తల్లి వీపుకి ఆనుకుని పడుకుంటోంది, తల్లి లేస్తే లేస్తోంది అన్నారు.