టోషాక్ గురించి మూడు పేజీలు

మా తెలుగు సంఘం ఉగాది సంచికకు సంపాదకురాలైన అక్క ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఈసారి ఎవరుండే ఊరి మనిషి గురించి వాళ్లే రాయాలి. స్వాన్సీ నీది. మూడు పేజీలు, ఆరు వారాల టైమ్" అంది. నేనేమీ ఆలోచించకుండా "జాన్ టోషాక్" అనేశాను.

టోషాక్ వేల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత జట్లను నడిపే మేనేజర్. పుట్టుక ప్రకారం ఆయన ఈ ఊరివాడు కాదు. 1949లో కార్డిఫ్‌లో పుట్టాడు. రెండూ వేల్స్ ఊళ్లే అయినా కార్డిఫ్‌కీ స్వాన్సీకీ ఫుట్‌బాల్‌లో పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అయినా ఈ ఊళ్లో ఆయన పేరెత్తితే పెద్దవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. నాకు ఆ సంగతి తెలిసింది మా కూరగాయల తోటలో.

శాండ్‌ఫీల్డ్స్‌లో మా ఇంటికి ఐదు నిమిషాల నడకలో, జైలు గోడకు దగ్గరగా ఒక ఖాళీ స్థలం ఉంది. 2005 వరకు అది వెచ్ ఫీల్డ్, స్వాన్సీ సిటీ క్లబ్ మైదానం. క్లబ్ కొత్త స్టేడియానికి వెళ్లిపోయాక స్టాండ్లు పడగొట్టారు. ఇప్పుడక్కడ కొంత భాగంలో చుట్టుపక్కల వాళ్లు కూరగాయలు పండించుకుంటారు. వేసవిలో నా మడిలో మెంతికూర, కొత్తిమీర వేస్తాను. పక్క మడి ఒక పెద్దాయనది. డెబ్బై దాటాయి. ఆయన లీక్స్ పెంచుతాడు, మన ఉల్లికాడలకు పెద్దన్నల్లా ఉంటాయి. ఏ మాట మొదలుపెట్టినా ఆయన కబుర్లు టోష్ (టోషాక్‌ను ఇక్కడివాళ్లు పిలిచే పేరు) దగ్గరికే చేరతాయి.

రెండు రాత్రులు కూర్చుని మొదటి ప్రతి పూర్తిచేశాను. 16 ఏళ్లకే కార్డిఫ్ జట్టులోకి, 1970లో 1,10,000 పౌండ్లకు లివర్‌పూల్‌కు, 1978లో 28 ఏళ్ల వయసులో ఆటగాడిగానూ మేనేజర్‌గానూ స్వాన్సీకి. 1984లో లిస్బన్‌లో స్పోర్టింగ్, 1985లో శాన్ సెబాస్టియన్‌లో రియల్ సొసియెదాద్, 1989లో రియల్ మాడ్రిడ్. ఆ తర్వాత టర్కీ, ఫ్రాన్స్, ఇటలీ, మాసిడోనియా, అజర్‌బైజాన్, మొరాకో, ఇరాన్. మొరాకోలో 66 ఏళ్ల వయసులో వీదాద్ కాసాబ్లాంకాను లీగ్ విజేతగా నిలిపాడు. అన్నీ వరసగా, తేదీలతో సహా పెట్టాను.

అక్క మర్నాడే ఫోన్ చేసింది. "రైల్వే టైమ్‌టేబుల్ చదివినట్టుంది. ఇందులో మనిషి ఎక్కడ?" అంది. చాలా బాధేసింది. కానీ తను చెప్పింది నిజం. ఊళ్లన్నీ ఉన్నాయి, ఆయన లేడు.

ఆదివారం తోటకు వెళ్లి పెద్దాయనను అడిగాను, ఆయనకు బాగా గుర్తున్న రోజేదో చెప్పమని. పార నేలలో గుచ్చి, దాని మీద చేతులానించి మొదలుపెట్టాడు. 1981 ఆగస్టు 29. ఇంగ్లండ్ లీగ్‌లో అన్నిటికంటే పై మెట్టైన మొదటి డివిజన్‌లో స్వాన్సీకి మొట్టమొదటి మ్యాచ్. మూడేళ్ల కిందటి దాకా నాలుగో డివిజన్‌లో ఉన్న జట్టు అది. ఆడటానికి వచ్చింది లీడ్స్ జట్టు. బాబ్ లాచ్‌ఫోర్డ్ మూడు గోల్స్ కొట్టాడు. ఆఖరిది ఆలన్ కర్టిస్‌ది. "ఇదిగో ఇటు నుంచి ఇలా లోపలికి తిరిగాడు" అంటూ పెద్దాయన లీక్స్ వరసల మధ్య బూట్లతో నడిచి చూపించాడు. బురదలో కాలు మడిచి, ఎడమకు వంగి, బంతి వెళ్లిన దిక్కుకు చెయ్యి చాపాడు. అక్కడిప్పుడు ఎవరిదో చిక్కుడు పందిరి ఉంది. 5-1. ఆ సీజన్‌లో కొన్నాళ్లు పట్టికలో అందరికంటే పైన నిలిచి, చివరికి ఆరో స్థానంలో ముగించారు.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. ఆ సెప్టెంబరు ఆఖరులో లివర్‌పూల్ పాత మేనేజర్ బిల్ షాంక్లీ చనిపోయాడు. టోషాక్‌ను లివర్‌పూల్ తెచ్చుకున్నది ఆయనే. నాలుగు రోజులకే స్వాన్సీ లివర్‌పూల్ మైదానంలో ఆడాలి. అందరూ మౌనం పాటించేటప్పుడు టోషాక్ ట్రాక్‌సూట్ పైభాగం తీశాడు. లోపల లివర్‌పూల్ ఎర్ర చొక్కా ఉంది! ఎదుటి జట్టు మేనేజర్ అయి ఉండి గురువు కోసం ఆ చొక్కా వేసుకొచ్చాడు. అది తప్పన్నవాళ్లూ ఉన్నారట. నా మటుకు నాకు, ఈ మనిషి గురించి రాయాలన్న ఉత్సాహం మళ్లీ అక్కడే పుట్టింది.

రెండో ప్రతిలో కష్టమంతా స్పెయిన్ భాగంతోనే. నాకు స్పానిష్ రాదు. అక్కడి పాత దినపత్రికలు కొన్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఒక్కో పేజీ పెద్దది చేసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అక్షరాలు అలుక్కుపోయిన చోట ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయిని అడిగేవాణ్ని. తనది శాన్ సెబాస్టియన్ దగ్గర చిన్న ఊరు. అడిగినదానికి పది రెట్లు చెప్పేది.

అట్సోచా సంగతి తన నోటే విన్నాను. రియల్ సొసియెదాద్ పాత మైదానం అది, పండ్లు, కూరగాయల మార్కెట్ పక్కనే ఉండేది. (నా మడి గుర్తొచ్చి భలే సంతోషమేసింది.) గోల్ పడగానే తారాజువ్వ వదిలేవాళ్లు. సముద్రం మీదున్న జాలర్లకు కూడా స్కోరు తెలియాలి కదా. ఎదుటివాళ్లు కొడితే ఒకటి, తమవాళ్లు కొడితే రెండు. "మా తాతయ్య మొదటిది పేలగానే ఊపిరి బిగబట్టేవాడు, రెండోది పేలేదాకా" అంది. ఆ క్లబ్ అప్పట్లో తమ ప్రాంతపు బాస్క్ కుర్రాళ్లను తప్ప ఎవరినీ ఆడించేది కాదు. అలాంటి చోటికి వేల్స్ నుంచి ఒక మేనేజర్ వెళ్లి, 1987లో జరగోసాలో అట్లెటికో మాడ్రిడ్‌తో ఫైనల్ 2-2తో ముగిశాక పెనాల్టీల్లో కోపా దెల్ రే (స్పెయిన్ కప్) గెలిపించాడు. మూడేళ్లకు రియల్ మాడ్రిడ్‌తో లీగ్ గెలిచాడు. 38 మ్యాచ్‌ల్లో 107 గోల్స్. ఆ రికార్డు ఇరవై ఏళ్లకు పైగా నిలిచింది. అయినా ఆ నవంబరులోనే తీసేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన మాటలు ఒక ఎత్తు. టోషాక్ స్పానిష్ పూర్తిగా వచ్చేదాకా ఆగలేదు. వచ్చినంతలోనే పత్రికల వాళ్ల ముందు నిలబడి ధైర్యంగా మాట్లాడేవాడు. ఆయన మాట ఒకటి స్పెయిన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మ్యాచ్ ఓడిపోయాక సోమవారం పది మందిని మార్చేయాలనిపిస్తుందట, మంగళవారం ఏడెనిమిది మందిని, గురువారానికి నలుగురిని, శుక్రవారానికి ఇద్దరిని. శనివారం వచ్చేసరికి మళ్లీ ఆ పదకొండు మంది వెధవలే ఆడాలనిపిస్తుందట. చెప్పేవాళ్లను బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. సంచికలో "వెధవలు" ఏమిటని అక్క అంది. అసలు స్పానిష్ మాట ఇంకా ఘాటైనదని చెప్పి ఒప్పించాను.

పందుల దగ్గర మాత్రం నాలుగు రోజులు ఆగిపోయాను. 1999లో ఆయన రెండోసారి రియల్ మాడ్రిడ్ మేనేజర్. తన ఆటగాళ్లనే పత్రికల్లో విమర్శించాడు. అధ్యక్షుడు ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు. నేను వెనక్కి తీసుకోవడం కంటే బెర్నబెవు (రియల్ మాడ్రిడ్ స్టేడియం) మీదుగా పంది ఎగరడం తేలిక అన్నాడు టోషాక్. ఉద్యోగం పోయింది. ఆ స్థానంలోకి వచ్చిన విసెంతె దెల్ బోస్కె ఆ సీజన్‌లోనే యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ గెలిచాడు.

పందులు ఎగరడం ఇంగ్లీషు వాళ్ల సామెత. మనకు పంది ఎగరదు. అందుకే మొదట "కుందేటికి కొమ్ము మొలిచినా సరే నా మాట మారదు" అని రాశాను. చదువుతుంటే ఎంత బాగుందో! అచ్చ తెలుగు. కానీ మనసు ఒప్పుకోలేదు. స్పానిష్‌లో ఇది మామూలు మాటేనా అని మా ఆఫీసు అమ్మాయిని అడిగాను. "కాదు. మేమైతే కప్పలకు జుట్టు మొలిచినప్పుడు అంటాం" అంది. అంటే ఆయన తన ఇంటి సామెతను మోసుకెళ్లి, ఉన్నదున్నట్టు స్పానిష్‌లో దించేశాడు. విన్నవాళ్లందరికీ తమ స్టేడియం మీదుగా నిజంగానే ఒక పంది ఎగురుతూ కనిపించి ఉంటుంది. అందుకే ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. కుందేలు కొట్టేసి పందినే ఉంచాను. పరాయి దేశంలో బతికేవాడి మాట అలాగే ఉంటుంది. నేనూ ఇక్కడ మీటింగుల్లో మన సామెతలు ఇంగ్లీషులోకి దించి చెబుతుంటాను. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాదు, తర్వాత అందరికీ గుర్తుండిపోతుంది.

ఆఖరి వారం 1994 గురించి రాశాను. ఇష్టంగా కాదు, వదిలేస్తే అబద్ధమవుతుందని. రియల్ సొసియెదాద్‌లో ఉంటూనే వేల్స్ జాతీయ జట్టు బాధ్యత కూడా తీసుకున్నాడు. మొదటి మ్యాచ్ కార్డిఫ్‌లో, తాను చిన్నప్పుడు ఆడిన నినియన్ పార్క్‌లోనే. నార్వే చేతిలో 3-1తో ఓటమి. అంతకుముందు మేనేజర్ టెర్రీ యోరత్‌ను తీసేసినందుకు జనం కోపంగా ఉన్నారు, ఆయన పేరే అరిచారు. టోషాక్ రాజీనామా చేశాడు. ఒక్క మ్యాచ్‌తో సరి. పదేళ్లకు మళ్లీ పిలిస్తే మళ్లీ వచ్చాడు. ఈసారి ఆరేళ్లు ఉన్నాడు. పెద్ద టోర్నమెంటుకు జట్టును చేర్చలేకపోయాడు కానీ, 16 ఏళ్ల గారెత్ బేల్‌ను 2006లో మొదటిసారి ఆడించింది ఆయనే. 2016 యూరో సెమీఫైనల్‌కు చేరిన వేల్స్ జట్టుకు ఊపిరి బేలే.

ఆరో వారం ముగియడానికి రెండు రోజుల ముందు పంపాను. మూడున్నర పేజీలొచ్చింది. అక్క ఏమీ కత్తిరించలేదు.

ఉగాదికి సంచిక వచ్చింది. ఒక కాపీ తోటకు పట్టుకెళ్లి పెద్దాయన చేతికిచ్చాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని అందుకున్నాడు. టోష్ పేరు ఎక్కడుందని అడిగాడు. శీర్షికలో వేలు పెట్టి చూపించాను. ఆ గుండ్రటి అక్షరాల మీద తనూ ఒకసారి వేలు పోనిచ్చాడు. తర్వాత పేజీలు తిప్పుకుంటూ, ఒక్కో వరసా కళ్లతోనే వెతుక్కుంటూ వెళ్లి, ఒకచోట ఆగాడు.

"ఐదు, ఒకటి" అన్నాడు. "లీడ్స్."

అక్కడ అచ్చులో 5-1 అని ఉంది.