పాత బ్రిడ్జి దగ్గర ఓ సాయంత్రం

మొన్న రాజమండ్రి వెళ్ళినప్పుడు పుష్కర్ ఘాట్ మెట్ల మీద కూర్చుని హేవలాక్ బ్రిడ్జినే చూస్తా ఉండిపోయానండి, చీకటి పడేదాకా. 1900లో రైళ్ళు మొదలైన బ్రిడ్జి, అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు, కట్టించిన ఇంజినీర్ వాల్టన్. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరాన్ని స్పాన్ అంటారు, అలాంటివి 56, రాతి స్తంభాల మీద ఇనప గర్డర్లు, అటు కొవ్వూరు దాకా. 1997లో రైళ్ళు ఆపేశారు, ఇప్పుడు పక్కనే ఉన్న ఆర్చ్ బ్రిడ్జి మీద పోతన్నాయి.

చిన్నప్పుడు కొవ్వూరు అమ్మమ్మ వాళ్ళింటికి దీని మీదే వెళ్ళేవాళ్ళం. బ్రిడ్జి ఎక్కగానే చప్పుడు మారిపోయేది, అమ్మ చేతిలో పావలా పెట్టి "గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని వెయ్యరా" అనేది, నేను వేసింది గర్డర్‌కి తగిలి ఠంగుమంటే ఏడుపొచ్చేసేది, అమ్మ ఇంకోటి ఇచ్చేది.

ఇప్పుడు గర్డర్లంతా తుప్పు. ఒడ్డుకి దగ్గర్లో ఉన్న స్తంభం రాళ్ళ సందులో రావి మొక్క మొలిచింది, వేళ్ళు అప్పుడే రాయిని పట్టేసుకున్నాయి. అది పెద్దదైతే రాయి చీలుస్తుంది, ఎవరైనా ఇప్పుడే పీకేస్తే బాగుణ్ణు. వందేళ్ళకి పైగా ఎన్ని వరదల్ని తట్టుకుంది, 1986 నాటి గోదారిని కూడా! దాన్ని నడక దారి చేసి మనుషుల్ని నడవనిస్తే చాలండి, అమ్మని తీసుకెళ్ళి మధ్యలో నిలబెట్టాలని ఉంది నాకు.