పాఠానికో ఫోల్డరు

మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా బడిలో సైన్స్, లెక్కల టీచర్లం పాఠాల సామగ్రినంతా గూగుల్ డ్రైవ్‌లో ఒకచోట పెట్టుకుంటున్నాం. పక్క మండలాల టీచర్లు ఎట్లా చేశారని అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పేకన్నా ఇక్కడ రాస్తే నయమనిపించింది.

మన స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిసిన కూటమి) వాట్సాప్ గ్రూపుల్లో సామగ్రికి కొదవ లేదు. బాధంతా వెతకడంలోనే. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు దగ్గర పడగానే "మేడం, పోయినేడు పెట్టిన పేపర్ మళ్లొకసారి పెడ్తరా?" అని మొదలవుతుంది. పెట్టినవాళ్ల ఫోన్లోనే అది ఉండదు. ఫోన్ నిండిందని తీసేసిన ఫైలు కొన్నాళ్లయ్యాక గ్రూపులో నొక్కినా డౌన్‌లోడ్ కాదు. ఫోటోగా పంపిన పటం సైజు తగ్గిపోయి, భాగాల పేర్లు మసకబారతాయి. కబురు చెప్పుకోవడానికి గ్రూపు బాగుంటుంది, దాచుకునే చోటు మాత్రం వేరే ఉండాలి.

మేం మొదట తేల్చుకున్నది ఫోల్డర్ల పేర్ల సంగతి. టీచర్ల పేర్లతో ఫోల్డర్లు వద్దనుకున్నాం. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరు ఏం తయారు చేశారో తెలియదు, రేపు చెప్పాల్సిన పాఠం పేరు మాత్రం తెలుసు. అందుకే తరగతి, దాని లోపల పాఠం, అంతే. ఇంకా లోపలికి పోతే ఎవరూ వెతకరు. ఫైలు పేరు కూడా చూడగానే అర్థం కావాలి. 'ఐఎంజి' అని మొదలై అంకెల వరుసతో ఉండే ఫోటోలను పేరు మార్చకుండా ఎక్కించొద్దని గట్టిగా పెట్టుకున్నాం.

పదో తరగతి ఆమ్లాలు, క్షారాలు, లవణాల ఫోల్డరు నాకు అన్నిటికన్నా ఇష్టం. మందార పూల రసంతో, పసుపుతో చేసిన పరీక్షల ఫోటోలు అందులో ఉన్నాయి. దాంతోపాటు మన నల్లగొండ పద్ధతి ఉంది. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే ఈ పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారు చేసింది, మన ఊరి పేరే దానికి పెట్టారు. మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దమనుషుల నడుములు ఎందుకు వంగాయో, పళ్ల మీద ఆ గోధుమరంగు చారలేంటో మా పిల్లలు ఇండ్లల్లో చూసినవాళ్లే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న మాట వాళ్లకు ఉత్త అంకె కాదు. పటిక, సున్నం కలిపాక నీళ్లలో తెల్లగా దూది పింజల్లా ఏర్పడటం, అవి మెల్లగా అడుగుకు చేరడం, పైన నీళ్లు తేటపడటం వరుసగా ఫోటోలు తీసి పెట్టాం. ఇట్లాంటివి మనం తీసుకుంటేనే ఉంటాయి, ప్రభుత్వం పాఠాల కోసం పెట్టిన దీక్షా యాప్‌లో వెతికితే దొరకవు. అట్లాగని దీక్షాను తక్కువ చేయడం లేదు. 2017లో మొదలైనప్పటి నుంచి చాలా పోగైంది, పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా పాఠానికే వెళ్తాం. మా ఫోల్డర్లలో వాటి లింకులు మాత్రమే ఉంచాం.

కాంతి పాఠానికి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం వీడియోలు పెట్టుకున్నాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసినవి. సూర్యుడు కదులుతుంటే లింగం మీద నీడ ఎందుకు కదలదన్న ప్రశ్న పడిందంటే ఆ పీరియడ్‌లో వెనక బెంచీ కూడా నిద్రపోదు.

ఇక తెలుగు టైపింగ్‌కు ఇదివరకు వాడిన అను ఫాంట్ల సంగతి. పాత ప్రశ్నపత్రాలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, వెతికితే తెలుగు మాట ఒక్కటీ దొరకదు. కొత్తగా టైపు చేసేదంతా ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే చేయండి. పాతవాటి ప్రింట్ ఉంటే స్కాన్ చేసి డ్రైవ్‌లో గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను చాలావరకు గుర్తుపడుతుంది. ఒత్తులు, సూత్రాలు మాత్రం కూర్చుని దిద్దాల్సిందే.

ఖాతా ఎవరిదన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఒక టీచరు సొంత జీమెయిల్‌లో ఉంటే, ఆయన రిటైరై ఒకరోజు అన్నీ తీసేస్తే బడికి ఏమీ మిగలదు. బడి పేరుతో వేరే ఖాతా తెరిచి, రికవరీ నంబరు హెడ్మాస్టర్‌ది ఇవ్వండి. ఉచితంగా వచ్చేది 15 జీబీ, జీమెయిల్, ఫోటోలు కూడా అందులోకే వస్తాయి కాబట్టి పెద్ద వీడియోలకు యూట్యూబ్ లింకు చాలు. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు, సెలవుల్లో కూడా ఒకసారి లాగిన్ అవుతుండాలి. లింకు తెలిసిన అందరికీ చూసే అనుమతి చాలు, మార్చే అనుమతి మన టీచర్లకే ఉంచండి. పిల్లల ముఖాలు, మార్కుల జాబితాలు అందులో అసలు వద్దు. గైడ్లు స్కాన్ చేసి పెట్టడం కూడా వద్దు.

నెట్ రాని రోజు కోసం పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంటుంది. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లను (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. బ్యాటరీ, బల్బు కలిపే సిమ్యులేషన్‌ను పిల్లలు వదిలిపెట్టరు. అసలు తీగలతో చేయించాక అది చూపిస్తేనే బాగుంటుందని నా నమ్మకం.

ఎనిమిదో తరగతి ధ్వని పాఠం ఫోల్డరు మాత్రం ఇంకా పల్చగా ఉంది. పాలమూరు వైపు టీచర్లెవరైనా డప్పు, ఒగ్గుడోలు శబ్దాలు దగ్గర నుంచి శుభ్రంగా రికార్డు చేసి ఉంటే పంపండి. వాయించినవాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే పంపండి.