కాయ రాలిన చెట్టుకి దప్పిక తగ్గిద్దా?

ఉలవపాడు పక్కన మా మామిడితోటలో ఈ మే నెల గాలివానకి పడమటి గట్టు వరస పన్నెండు బంగినపల్లి చెట్లకి కాయనేది మిగల్లా. దెబ్బంతా అవే తిన్నయ్, లోపలి చెట్ల కాయ నిలబడింది. డ్రిప్పు మాత్రం రెండిటికీ ఒకటే లైను.

వారం పోయాక చూస్తే ఏందంటే, మాది ఇసక నేల, నీళ్ళు నిలవవు, అట్టాంటిది కాయ పోయిన చెట్ల కింద జానెడు తవ్వితే తడి చేతికి అంటుకుంటా ఉంది, కాయున్నవాటి కింద పొడిపొడిగా రాలతా ఉంది. డ్రిప్పర్లు మూసుకుపోయినయ్యేమో అని లోపలి వరసవి ఊది మరీ చూశా, బానే ఉన్నయ్. మా నాయన మాత్రం "కాయ లేని చెట్టుకి దప్పికేంది రా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

తర్వాత కూర్చుని చదివితే ఆ మాటే కరెక్టంట. ఆపిల్, పీచ్ చెట్లకి కావాలనే కాయలు కోసేసి కొలిచి చూశారు. ఆకు ఎండలో చేసే చక్కెరలో పెద్ద వాటా కాయకి పోతది, కాయ పోయాక తీసుకునేవాళ్ళు లేక చక్కెర, పిండి ఆకులోనే పేరుకుపోతయ్. పెళ్ళిలో చివరి బంతి లేచాక గాడిపొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేస్తారు చూడండి, ఆకు కూడా అట్టానే కిరణజన్య సంయోగక్రియ తగ్గించుకుంటది. అది తగ్గితే గాలి లోపలికి తీసుకునే పత్రరంధ్రాలు కూడా సగం మూసుకుంటయ్, నీటి ఆవిరి బయటికి పోయేదీ వాటిలోంచే. చెట్టు పీల్చే నీళ్ళలో నూటికి 95 పైనే అట్టా ఆవిరయ్యేవే కాబట్టి తేడా నేలలో తెలిసిపోద్ది.

మా వరసలో గాలికి ఆకు కూడా కొంత రాలింది, రెండు కొమ్మలు విరిగినయ్, కాబట్టి తడంతా కాయ పోయినందుకే అని నేను ఒట్టేసి చెప్పను. గూడూరు వైపు నిమ్మతోటల వాళ్ళకి ఈ తేడా కనపడకపోవచ్చు, ఆ చెట్టు మీద ఏడాదంతా ఏదో ఒక కాయ ఉంటానే ఉంటది కదా.

ఇంకో మెలిక ఉంది. కొత్త చిగురు పెడతా ఉంటే కాయ తినాల్సిన చక్కెర ఆ చిగురు తినేస్తది, అప్పుడు ఆకు పని తగ్గదు, నీళ్ళూ పెద్దగా తగ్గవు. ఆ వరసకి వాల్వు పూర్తిగా కట్టేద్దామని పోతే మా నాయన సగానికే తిప్పనిచ్చాడు, "చిగురు రావాల, వచ్చే ఏడు పూత దాని మీదే" అని.