అత్తయ్య అడిగిన ప్రశ్న: మా పాత ఇంట్లో మార్పులు చేయించుకున్న అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి పని మొన్న ఆదివారం ముగిసింది. నా చేతికి అంటిన రంగు ఇంకా పోలేదు, కోపమూ పోలేదు. రెండూ ఉండగానే రాసేస్తున్నాను.

ఈ ఇల్లు మా మామగారి తండ్రి కట్టించినది. వీధి అరుగు, సావిడి, వెనక వరసగా మూడు గదులు, చివర వంటిల్లు, పెరడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంటింటి పెంకులు లేచిపోతే అక్కడి వరకు శ్లాబు వేయించాం. మిగతాదంతా పాతదే. నిరుడు అత్తయ్య పెరట్లో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత నేల మీద కూర్చోకూడదని, గొంతుక్కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. 72 ఏళ్ల మనిషి, ఊహ తెలిసినప్పటి నుంచి పీట వేసుకుని కత్తిపీటతోనే కూరలు తరిగారు. ఇక ఇల్లే ఆవిడకు తగ్గట్టు మారాలి.

బ్యాంకు అప్పు పది రోజుల్లో వచ్చింది. వాస్తు సంగతి మా ఆడపడుచు ఒక్క ఫోనులో తేల్చేసింది. అసలు కథ ఇంటీరియర్ డిజైన్ సంస్థ దగ్గర మొదలైంది.

పెద్ద నగరంలో, అద్దాల మేడలో ఉందా సంస్థ. అడ్వాన్సుగా యాభై వేలు కట్టించుకుని ఒక కుర్రాణ్ణి పంపారు. లేజరు మీటరుతో ఇరవై నిమిషాల్లో గోడలన్నీ కొలిచేసి వెళ్లాడు. ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎవరు వండుతారు, ఎవరికి ఏ ఇబ్బంది ఉంది అని ఒక్క మాట అడగలేదు. నేను చెప్పబోతే, ‘అవన్నీ సార్ చూసుకుంటారు మేడం’ అన్నాడు.

మూడు వారాల తర్వాత బొమ్మలు చూడటానికి రమ్మన్నారు. అత్తయ్య తనూ వస్తానన్నారు. పట్టుచీర కట్టుకుని, చేతికర్రతో, ఎంతో ఉత్సాహంగా వచ్చారు. పెద్ద తెర మీద మా ఇల్లు కనిపించింది. అది మా ఇల్లని ఎవరో చెబితే తప్ప తెలియదు. అరుగు లేదు, ఆ చోట కారు ఉంది. మాకు కారు లేదు. సావిడిలో నేలకు జానెడెత్తున మెత్తటి సోఫాలు. అలాంటి వాటిలో కూర్చుంటే తుంటి విరిగిన మనిషి మళ్లీ లేవగలరా? ఆవిడ మంచం చివరి గదిలో వేశారు. దానికి కిటికీ కూడా లేదు.

అత్తయ్య చాలాసేపు చూశారు. తర్వాత ఎంతో మర్యాదగా అడిగారు: ‘బాగుంది బాబూ. ఇందులో నేనెక్కడ కూర్చోవాలి?’

బొమ్మలు చూపిస్తున్న డిజైనరు ఆవిడ వైపు చూడనైనా లేదు. పక్కన ఇంకో ఇద్దరు ఖాతాదారులు వింటూ ఉండగా, నాతో ఇంగ్లీషులో, పెద్దవాళ్లు నెమ్మదిగా అలవాటు పడతారని, పాత సామాను మోజు వదిలించుకోకపోతే డిజైన్ పాడవుతుందని నవ్వుతూ చెప్పారు. ‘ఏమంటున్నారమ్మా?’ అని అత్తయ్య నన్నడిగారు. ‘చూపిస్తారట అత్తయ్యా’ అన్నాను. అబద్ధం చెప్పాను. అక్కడే లేచి నాలుగు మాటలు అనాల్సింది, అనలేదు. తిరుగు బస్సులో టెక్కలి దాటాక గానీ ఆవిడ నోరు విప్పలేదు. ‘నాకోసం ఇంత ఖర్చెందుకులే అమ్మా, ఉన్నన్నాళ్లూ ఆ వెనక గదిలోనే పడుంటాను’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఆ పని వద్దని ఫోను చేశాను. అడ్వాన్సులో ఇరవై వేలు తిరిగొచ్చాయి. మిగతాది బొమ్మల ఖరీదట.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1926లోనే మార్గరెటె షుట్టె-లిహొట్స్కీ అనే ఆర్కిటెక్టు, వంటింట్లో ఆడవాళ్లు ఎటు నుంచి ఎటు నడుస్తున్నారో, ఏ పనికి ఎంతసేపు పడుతోందో లెక్కకట్టి వంటగది గీసింది. నూరేళ్ల నాటి మాట అది. వీళ్లకు ఒక ముసలావిడను ఒక ప్రశ్న అడగడానికి తీరిక లేకపోయింది!

చివరికి మా వీధి చివర వడ్రంగి మేస్త్రినే పిలిచాం. ఇంట్లో ఒడియా, మాతో తెలుగు మాట్లాడతాడు. మొదటి రోజు టేపు తీయనే లేదు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ అత్తయ్య లోపలికీ బయటికీ తిరగడం చూశాడు. తర్వాత వీధి గుమ్మం దగ్గరికి వెళ్లి ద్వారబంధం పక్కన గోడ చూపించాడు. అక్కడ సున్నం నల్లబడి, అరచేయంత మేర నున్నగా మెరుస్తోంది. గడప దాటేటప్పుడల్లా ఆవిడ ఎడమ చెయ్యి ఆనే చోటు. రోజూ చూసే గోడే, నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. నేల నుంచి 31 అంగుళాలు. ‘పెద్దమ్మే కొలత రాసి పెట్టింది’ అన్నాడు మేస్త్రి. గడప తీయడానికి అత్తయ్య ఒప్పుకోలేదు, పసుపు రాసే గడప అది. ఆ మచ్చ ఉన్నచోటే పిడికిట్లో ఇమిడేంత లావున, గోడకు ఒకటిన్నర అంగుళం ఎడంగా టేకు కర్ర బిగించాడు. స్నానాల గదికి మాత్రం గడప తీసేసి వాలు పెట్టించాం, గరుకు టైల్సు వేయించాం.

వంట గట్టు ఆ సంస్థవాళ్లు 34 అంగుళాలు గీశారు. అత్తయ్య పొడవు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు, మడిచిన మోచెయ్యి నేలకు 36 అంగుళాలు. గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి. అందుకే 31 పెట్టించాం. తరగడానికి కుర్చీ వేసుకునే ఎత్తులో ఇంకో చిన్న బల్ల. గిన్నెలు కడిగే తొట్టి కింద అరలకు, నీటికి తట్టుకునే రకమని తెలిపే ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్డే కొనండి, దుకాణం వాడు ఏం చెప్పినా వినకండి. ఇంటికి వచ్చి ఒక పూటైనా కూర్చోకుండా అడిగే డిజైనరుకు రూపాయి కూడా ముందు ఇవ్వకండి.

మంచం సావిడి కిటికీ పక్కకు వచ్చింది. అత్తయ్యకు మనుషులు కావాలి. సాయంత్రం అరుగు మీద చేరే ఇరుగుపొరుగుతో సగం ఒడియాలో, సగం తెలుగులో మంచం మీది నుంచే కబుర్లాడుతున్నారు. నా పేపర్లు దిద్దుకోవడానికి ఆ పక్కనే మడత బల్ల పెట్టుకున్నాను.

రంగులవాళ్లు వచ్చినప్పుడు గుమ్మం పక్క ఆ మచ్చను అలాగే వదిలేయమన్నాను. అత్తయ్య కోప్పడ్డారు. ‘ఇల్లంతా వేయించి అక్కడొక్కచోట మురికి ఉంచుతావా? వేయించు’ అన్నారు. వేయించాను.